పాతకాలపు బేస్ బర్నర్: రాక్షసి బొగ్గుతో గదిని వెచ్చబెట్టే పద్ధతి

పెన్సిల్వేనియాలోనో, న్యూయార్క్ రాష్ట్రంలోనో, మసాచుసెట్స్‌లోనో పాత ఇల్లు కొన్నవాళ్లకు ఒక్కోసారి ఇంటితోపాటు ఒక ఇనప స్టవ్వు కూడా దక్కుతుంది. మనిషి ఛాతీ ఎత్తు ఉంటుంది. నెత్తిన కిరీటం లాంటి అలంకారం, నడుముకు నికెల్ పూత పట్టీలు, చుట్టూ చిన్న చిన్న అభ్రకం కిటికీలు. దాని పేరు బేస్ బర్నర్. 1860ల నుంచి 1910ల దాకా ఉత్తర అమెరికా ఇళ్లలో చలికాలం దీని చుట్టూనే గడిచింది. అల్బనీ, ట్రాయ్, డెట్రాయిట్, టాంటన్ ఊళ్ల ఫౌండ్రీలు వీటిని పోతపోసి దేశమంతా పంపేవి. గ్లెన్‌వుడ్, ఆర్ట్ గార్లండ్, క్రాఫర్డ్ వంటి పేర్లు ఇప్పటికీ పాత స్టవ్వుల తలుపుల మీద కనిపిస్తాయి.

చాలామంది దీన్ని పూలకుండీ పెట్టుకునే పీటలా వాడుతున్నారు. అది బాధాకరం. సరిగ్గా బాగుచేసి, తగిన బొగ్గు వేసి, మంచి పొగగొట్టానికి తగిలిస్తే ఇది పన్నెండు గంటలపాటు ఎవరూ ముట్టుకోకుండా, పొగ లేకుండా, ఒకే తీరుగా గదిని వెచ్చగా ఉంచుతుంది. తప్పుగా వాడితే మాత్రం ఇంట్లోవాళ్ల ప్రాణం తీస్తుంది. రెండింటికీ తేడా గాలి ఎటు నుంచి వస్తోంది, ఎటు పోతోంది అన్న దగ్గరే ఉంది.

లోపల జరిగేది

స్టవ్వు నడుమ గిన్నె ఆకారంలో మంటకుండ ఉంటుంది. దాని అడుగున కదిలే ఇనప జాలీ, అంటే గ్రేట్. జాలీ కింద బూడిద గది, అందులో బూడిద తట్ట. మంటకుండకు పైన, నడిమధ్యన వేలాడుతూ ఒక ఇనప గొట్టం ఉంటుంది. అదే మ్యాగజైన్. పై మూత తీసి ఇందులో బొగ్గు నింపుతారు. కింద కుండలో బొగ్గు కాలి దిగేకొద్దీ గొట్టంలోది దానంతటదే జారుతుంది. గొట్టం అడుగు అంచుకూ, కుండ అంచుకూ మధ్య ఉండే వలయంలో మాత్రమే మంట లేస్తుంది. అభ్రకం కిటికీల్లోంచి కనిపించే నీలిమంట ఆ వలయానిదే.

గాలి బూడిద గది తలుపుకున్న రంధ్రం ద్వారా లోపలికి వచ్చి, జాలీ దాటి, నిప్పుల గుండా పైకెక్కాలి. కట్టెల పొయ్యికి పైనుంచి గాలి తగిలినా పనవుతుంది, ఎందుకంటే కట్టెలో మండేది ఎక్కువగా ఆవిరే. ఈ స్టవ్వులో వేసే ఆంత్రసైట్ అనే గట్టి రాక్షసి బొగ్గులో ఆవిరయ్యే పదార్థం చాలా తక్కువ, దాదాపు అంతా కర్బనమే. దాని గుండెల్లోంచి గాలి పోతేనే రాజుకుంటుంది. నిప్పుల అడుగున గాలి బొగ్గుతో కలిసి కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. అది ఇంకా పైకెక్కుతూ ఎర్రటి బొగ్గును ఒరుసుకుని కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. ఈ విషవాయువే పైన కొద్దిపాటి గాలి తగిలి నీలంగా మండుతుంది. నీలిమంట ఆడుతోందంటే విషం మండిపోతోందని అర్థం. ఈ ఒక్క సంగతి బుర్రలో నాటుకుంటే కింద చెప్పే జాగ్రత్తలన్నీ వాటంతటవే బోధపడతాయి.

మండిన వాయువులు పోవడానికి రెండు దారులున్నాయి. వెనకవైపు డ్యాంపర్, అంటే దారిని మూసి తెరిచే రేకు, తెరిచి ఉంటే అవి నేరుగా పొగగొట్టంలోకి వెళతాయి. ఇది రాజేసేటప్పుడు, బొగ్గు నింపేటప్పుడు వాడే దారి. డ్యాంపర్ మూస్తే వాయువులు పక్క సందుల గుండా కిందికి దిగి, స్టవ్వు పీఠంలో చుట్టు తిరిగి, వెనక గొట్టం గుండా మళ్లీ పైకెక్కుతాయి. ఆ ప్రయాణంలో వేడంతా ఇనుముకు ఇచ్చేస్తాయి. అందుకే ఈ స్టవ్వు ముందు నేల కూడా వెచ్చగా ఉంటుంది, కాళ్లకు చలి వెయ్యదు.

గదికి వేడి చేరడం కూడా రెండు రకాలు. ఎర్రటి నిప్పుల కాక అభ్రకం గుండా, కాగిన ఇనుము గుండా ఎండ తగిలినట్టు నేరుగా ఒంటికి తగులుతుంది. రెండోది గాలి ద్వారా. నేల మీది చల్లగాలి స్టవ్వును ఒరుసుకుని వేడెక్కి పైకి లేస్తుంది, చూరు వెంట పాకి, అవతలి గోడ దగ్గర చల్లబడి దిగి, నేల వెంట మళ్లీ స్టవ్వు దగ్గరికి వస్తుంది. కొన్ని మోడళ్లలో ఇందుకోసమే ఒంటి లోపల విడిగా గాలి గొట్టం పోతపోశారు. కింద చల్లగాలి పీల్చి, పైన జాలీలోంచి వేడిగాలి వదులుతుంది. ఈ గాలికీ, మంట వాయువులకూ ఎక్కడా కలయిక ఉండకూడదు. ఆ గొట్టంలో పగులుంటే స్టవ్వు పనికిరానిదే.

మన ఊళ్ల కుంపటితో దీన్ని పోల్చుకోవద్దు. కుంపటి వేడితోపాటు విషవాయువునూ గదిలోకే వదులుతుంది, అందుకే తలుపులు బిడాయించి కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్లు తెల్లవారి లేవరు. నిదానంలో మాత్రం దీన్ని దాలిలో పాలు కాగడంతో పోల్చవచ్చు. తొందరపెడితే రెండూ చెడతాయి.

ఏ బొగ్గు

తెలుగులో బొగ్గంటే కర్రబొగ్గూ అదే, గనిలోంచి తీసిన రాక్షసి బొగ్గూ అదే. రాక్షసి బొగ్గులో కూడా జాతులున్నాయి. బేస్ బర్నర్‌కు కావలసింది ఆంత్రసైట్ ఒక్కటే. ఇది నల్లగా, గాజులా మెరుస్తూ, చేతికి పెద్దగా మసి అంటకుండా ఉంటుంది. ఈశాన్య పెన్సిల్వేనియాలో స్క్రాంటన్, విల్క్స్-బారీ, హేజల్‌టన్, పాట్స్‌విల్ ప్రాంతాల్లో దొరుకుతుంది. ఎంత మొండి బొగ్గంటే, చాలాకాలం దాన్ని తిత్తులతో గాలి ఊది మండించాల్సిందే అనుకున్నారు. 1808 ఫిబ్రవరి 11న విల్క్స్-బారీలో జెస్సీ ఫెల్ అనే ఆయన ఇనప జాలీ మీద పేర్చి, కింద నుంచి సహజంగా వచ్చే గాలితోనే మండించి చూపాడు. ఇళ్లలో ఆంత్రసైట్ వాడకానికి దారి అక్కడే తెరుచుకుంది. స్కెనెక్టడీలోని యూనియన్ కాలేజీ అధ్యక్షుడు ఎలిఫలెట్ నాట్ కూడా ఈ బొగ్గు కోసం స్టవ్వులు రూపొందించి పేటెంట్లు తీసుకున్నాడు.

సింగరేణి బొగ్గు ఈ జాతి కాదు. దానిలో ఆవిరయ్యే పదార్థం ఎక్కువ, పొడవాటి మంట, మసి వస్తాయి. అలాంటి బొగ్గు ఏ దేశానిదైనా బేస్ బర్నర్‌లో వేస్తే రెండు రోజుల్లో అభ్రకం నల్లబడుతుంది, పీఠంలోని సన్నటి దారులు మసితో పూడుకుపోతాయి. మ్యాగజైన్‌లో నిలవున్న బొగ్గు వేడికి వాయువులు వదిలి పేలే ప్రమాదమూ ఉంది. అమెరికాలో కూడా "స్టవ్ కోల్" అని అమ్మేవన్నీ ఆంత్రసైట్ కావు. అడిగి తెలుసుకుని కొనండి.

ముక్క సైజు ముఖ్యం. నట్ అనేది దాదాపు 21 నుంచి 41 మిల్లీమీటర్లు, ఎక్కువ స్టవ్వులకు ఇదే సరి. దానికంటే పెద్దది స్టవ్ సైజు, 62 మిల్లీమీటర్ల దాకా. పెద్ద మంటకుండకు బాగుంటుంది కానీ మ్యాగజైన్‌లో అడ్డుపడి జారకుండా ఆగిపోవచ్చు. పీ అనేది 14 నుంచి 21 మిల్లీమీటర్లు, నట్ కంటే చిన్నది. ముక్క చిన్నదయ్యేకొద్దీ సందులు తగ్గి గాలికి దారి ఇరుకవుతుంది. పొగగొట్టం లాగుడు బలంగా లేకపోతే పీ జోలికి పోకండి. మొదటిసారి కొనేవాళ్లు ఒకే గని నట్ బొగ్గు పది బస్తాలు తెచ్చి, అలవాటయ్యాక టన్ను కొనడం మేలు.

లెక్క ఇలా వేసుకోండి. మంచి ఆంత్రసైట్ కిలో కాలితే సుమారు 7,000 కిలోకేలరీల వేడి వస్తుంది. 40 పౌండ్ల బస్తా, అంటే 18 కిలోలు ఒక రోజంతా కాలితే, అందులో పదింట ఏడు వంతులు గదికి దక్కిందనుకుంటే, సగటున నాలుగు కిలోవాట్లకు పైమాటే. మామూలు 1,500 వాట్ల కరెంటు హీటర్లు మూడు ఆపకుండా వాడినట్టు.

కొనేముందు చూడాల్సినవి

పైన నికెల్ మెరుపు చూసి మోసపోవద్దు. మెరుపు మళ్లీ వేయించుకోవచ్చు, పోయిన పోత ముక్క దొరకదు. ముందు మంటకుండ చూడండి. నిలువు పగుళ్లు ఉన్నాయా, పైఅంచు కరిగి పలచబడిందా? తర్వాత జాలీ. పళ్లు వంగి, మధ్యలో కుంగి ఉంటే ఎప్పుడో బూడిద నిండిపోయి కాలిందని అర్థం. మ్యాగజైన్ అడుగు అంచు కూడా తరచూ కాలిపోయి ఉంటుంది, ఎందుకంటే నిప్పుకు ఆనుకుని ఉండేది అదే. పై మూత సరిగ్గా కూర్చోకపోతే గాలి మ్యాగజైన్‌లోంచి లాగి, నిప్పు అందులోకే ఎగబాకుతుంది.

చీకటి గదిలో పెట్టి, లోపల ప్రకాశవంతమైన లైటు దించి, చుట్టూ తిరిగి చూడండి. తలుపు అంచుల్లో సన్నగీతలా వెలుగు వస్తే బాగుచేయొచ్చు. పోత ముక్క మధ్యలోంచి వెలుగొస్తే అది పగులు. పోత ఇనుము అతకడం మామూలు వెల్డరు పని కాదు. ముక్కను ముందు బాగా కాచి, నికెల్ రాడ్‌తోనో ఇత్తడితోనో అతికి, నిదానంగా చల్లారనివ్వాలి. ఇత్తడి అతుకు మంటకు దూరంగా ఉన్న ముక్కలకే.

విరిగిన ముక్క అచ్చుగా పెట్టి కొత్తది పోయిస్తే ఒక చిక్కుంది. ఇనుము చల్లారేటప్పుడు అడుగుకు ఎనిమిదోవంతు అంగుళం, అంటే నూటికి ఒక వంతు కుంచించుకుంటుంది. పాత ముక్కను అలాగే ఇసుకలో అదిమి పోస్తే కొత్తది అంత చిన్నదవుతుంది. చిన్న గొళ్లేనికి పరవాలేదు. జాలీకీ, తలుపుకూ ఈ తేడా కనిపెట్టి అచ్చు పెంచే ఫౌండ్రీకే ఇవ్వాలి.

పాత అతుకుల్లో, తలుపు పట్టీల్లో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. తెల్లగా, నారలా ఏది కనిపించినా పొడిగా గీకకండి. దాన్ని తొలగించడం తెలిసినవాళ్లకు అప్పగించడమే క్షేమం. ఆ తర్వాత స్టవ్వును ముక్కలుగా విప్పి, అతుకులన్నీ గీకి శుభ్రం చేసి, మంట వేడికి తట్టుకునే ఫర్నేస్ సిమెంట్ పెట్టి బిగించాలి. పాత బోల్టులు తుప్పుకు విరుగుతాయి, వాటి మీద జాలిపడకుండా కొత్తవి వెయ్యండి. పోత ఇనుము వేడికి వ్యాకోచిస్తుంది కాబట్టి బోల్టు గట్టిగా బిగించి ఆనందపడొద్దు. ఆనుకుని ఉండేలా బిగించి, అక్కడితో ఆపండి.

అభ్రకం గురించి గూడూరు వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు. నెల్లూరు జిల్లా గనుల్లో తీసే మస్కవైట్ జాతి అభ్రకమే ఈ కిటికీలకు పనికొస్తుంది. రేకు కొని కత్తెరతో కత్తిరించుకోవచ్చు. ఫ్రేమ్ కంటే ఒకటి రెండు మిల్లీమీటర్లు చిన్నగా కత్తిరించి, బిగుతుగా కాకుండా అమర్చండి. బిగిస్తే పొరలు విడిపోతాయి. మసి పడితే స్టవ్వు పూర్తిగా చల్లారాక, నీళ్లు కలిపిన వెనిగర్‌తో తడిపిన మెత్తటి గుడ్డతో తుడవండి. వేడి మీద తడి తగిలిస్తే అభ్రకం మిగలదు.

ఎక్కడ పెట్టాలి, దేనికి తగిలించాలి

ఇవి నేటి భద్రతా ముద్ర లేని స్టవ్వులు. అలాంటివాటికి అమెరికా అగ్ని భద్రతా ప్రమాణం ప్రకారం, మండే గోడకు కనీసం 36 అంగుళాల దూరం ఉండాలి. ఒంటి పొర పొగగొట్టానికి 18 అంగుళాలు. కింద ఇటుకతోనో రాతితోనో గచ్చు ఉండాలి. బరువు రెండు మూడు వందల కిలోల దాకా ఉంటుంది కాబట్టి కింది దూలాలు ఆనుతాయో లేదో చూపించుకోండి. పెట్టేముందే టౌన్ అనుమతి, ఇంటి ఇన్సూరెన్సు సంగతి తేల్చుకోవాలి. పెట్టాక అడిగితే తీయించేస్తారు.

అసలు ఇంజను స్టవ్వు కాదు, పొగగూడు, అంటే చిమ్నీ. దానిలో వేడిగాలి పైకి లాగే బలమే జాలీ కింద గాలిని లోపలికి ఈడుస్తుంది. ఇటుక పొగగూడైతే లోపల మట్టి గొట్టం పగలకుండా ఉందో లేదో కెమెరా దించి చూపించండి. స్టీలు గొట్టమైతే బొగ్గుకు అని ప్రత్యేకంగా చెప్పినదే కావాలి. బొగ్గులోని గంధకం తేమతో కలిసి ఆమ్లమై మామూలు స్టీలును తినేస్తుంది, 316 రకం కొంత తట్టుకుంటుంది. కప్పు దాటి బయటికి వచ్చిన చోటు నుంచి కనీసం మూడడుగులు, పదడుగుల లోపున్న దేనికన్నా రెండడుగులు ఎత్తుగా ఉండాలి. గదిలోని గొట్టం ప్రతి అతుకుకూ మూడు స్క్రూలు, పొగగూడు వైపు అడుగుకు పావు అంగుళం వాలు పైకి. ఈ గూటికి ఇంకే పొయ్యీ, గ్యాస్ హీటరూ తగిలించకూడదు.

లాగుడు కొలిచే మ్యానోమీటరు కొనడానికి వెనకాడకండి. స్టవ్వు వేడెక్కాక నీటిమట్టంలో 0.04 నుంచి 0.06 అంగుళాలు, అంటే పది పదిహేను పాస్కల్స్ చూపిస్తే సరి. 0.02కు దిగువకు పడితే ఆ రోజు వాడొద్దు. ఎక్కువైతే బ్యారోమెట్రిక్ డ్యాంపర్ పెట్టించండి. గాలి హోరు పెరిగినప్పుడు ఆ రేకు దానంతటదే తెరుచుకుని గదిగాలిని గొట్టంలోకి వదిలి లాగుడు తగ్గిస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ అలారాలు కనీసం రెండు: ఒకటి స్టవ్వు ఉన్న అంతస్తులో, ఇంకోటి పడకగదుల దగ్గర.

మన ఇళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. తాలింపు ఘాటు పోవడానికి వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ పూర్తి వేగంతో పెడతాం. బిగుతైన ఇంట్లో అది పొగగూడు కంటే బలంగా లాగి, వాయువులను స్టవ్వులోంచి గదిలోకి దించగలదు. స్టవ్వు మండే నెలల్లో ఫ్యాన్ వేసినప్పుడల్లా వంటింటి కిటికీ రెండంగుళాలు తెరవండి. ఫ్యాన్ వేసి మ్యానోమీటరు చూస్తే ఎంత తేడా వస్తుందో కళ్లకు కడుతుంది.

రాజెయ్యడం

వెనక డ్యాంపర్, పొగగొట్టంలోని డ్యాంపర్ రెండూ పూర్తిగా తెరవండి. జాలీ మీద కాగితం, చితుకులు, వాటి మీద బొటనవేలంత మందం గట్టికర్ర పుల్లలు పేర్చి వెలిగించండి. బూడిద తలుపు గాలి రంధ్రం పూర్తిగా తెరవాలి. పుల్లలు బాగా అంటుకున్నాక మణికట్టంత కర్రలు వేసి, ఇరవై నిమిషాల్లో ఎర్రటి నిప్పుల పరుపు తయారు చేసుకోండి. కర్రలకు బదులు కర్రబొగ్గు వాడినా బాగుంటుంది. మొదట గూడు వేడెక్కాలి. అది చల్లగా ఉన్నంతసేపూ లాగదు.

ఇప్పుడు ఒక పొర బొగ్గు, అంగుళం మందం, నిప్పుల మీద చల్లండి. చిటపటమని చప్పుడు వస్తుంది, అది మంచి గుర్తు. పది పదిహేను నిమిషాలకు ఆ పొర ఎర్రబడి నీలిమంట లేస్తుంది. అప్పుడు రెండో పొర. ఇలా మూడు నాలుగు విడతల్లో కుండ అంచు దాకా నింపండి. ఒక్కసారే గుమ్మరిస్తే కింద ఉన్న నిప్పు చల్లారి, అంతా మళ్లీ బయటికి తోడాల్సి వస్తుంది. సగం నింపి ఊరుకోవడం కూడా తప్పే. ఆంత్రసైట్‌కు లోతు కావాలి. ఎనిమిది పది అంగుళాల మందాన ఒకదానికొకటి వేడి అందించుకుంటేనే నిలిచి కాలుతుంది. కుండలో మంట నిలిచాకే మ్యాగజైన్ నింపాలి.

రాజేసేటప్పుడు బూడిద తలుపే తెరిచిపెట్టడం చాలామందికి అలవాటు. తొందరగా అంటుకుంటుంది, నిజమే. ఫోన్ మోగితే వెళ్లి మాట్లాడుతూ మర్చిపోతే జాలీ ఎర్రబడి వంగిపోతుంది. తలుపు తెరిచి ఉన్నంతసేపూ స్టవ్వు ముందు నుంచి కదలకూడదు.

అంతా కుదిరాక వెనక డ్యాంపర్ మూసి వాయువులను పీఠంలోకి మళ్లించండి. కింద గాలి రంధ్రాన్ని కొద్దికొద్దిగా తగ్గించండి. ఒక్కో సర్దుబాటు ప్రభావం కనబడడానికి అరగంట పడుతుంది. ఐదు నిమిషాలకోసారి తిప్పుతూ ఉంటే మీకు స్టవ్వు ఎప్పటికీ అర్థం కాదు. ఒంటికి అంటించే అయస్కాంతపు థర్మామీటరు 200 నుంచి 260 డిగ్రీల సెల్సియస్, అంటే 400 నుంచి 500 ఫారన్‌హీట్ మధ్య చూపిస్తే చలిరోజుకు సరిపోతుంది. ఇనుము ఎక్కడైనా ఎర్రబడుతోందంటే గాలి వెంటనే తగ్గించాలి.

పొద్దునా సాయంత్రమూ

పన్నెండు గంటలకోసారి పని ఉంటుంది. క్రమం తప్పకూడదు. ముందు వెనక డ్యాంపర్ తెరవండి. కింద గాలి తెరిచి ఐదు నిమిషాలు ఆగి, నిప్పు చురుకెక్కనివ్వండి. అప్పుడు జాలీ పిడిని చిన్న చిన్న కుదుపులతో కదపండి. బూడిద తట్టలో ఎర్రటి కాంతి పరుచుకుని, ఒకటి రెండు కణికలు రాలడం మొదలవగానే ఆపండి. ఆ తర్వాత కూడా కదిపితే మండే బొగ్గునే పారబోస్తున్నారన్నమాట. తక్కువ కదిపితే బూడిద మిగిలి గాలికి అడ్డం పడుతుంది.

నిప్పు నీరసించి, నివురు కప్పి ఉంటే మాత్రం ముందు కదపకండి. మిగిలిన కాస్త నిప్పూ కూలిపోతుంది. పైన పలచగా బొగ్గు చల్లి, గాలి తెరిచి, అది రాజుకున్నాకే మెల్లగా కదపాలి.

పైనుంచి ఊచతో కెలకడం అన్నిటికన్నా పెద్ద తప్పు. కట్టెల పొయ్యి అలవాటున్న చెయ్యి ఊరుకోదు. కెలికితే కింది బూడిద మంట నడుమకు చేరి, కరిగి, రాయిలా గడ్డకడుతుంది. దాన్ని క్లింకర్ అంటారు. అది జాలీ పళ్లలో ఇరుక్కుంటే నిప్పంతా ఆర్పి తీయాల్సిందే. సర్దాలంటే కింద నుంచి, జాలీ సందుల్లోంచి వంచిన సన్నటి ఊచతో సర్దండి.

మ్యాగజైన్ మూత తీసేముందు అందులో వాయువు పేరుకుని ఉండవచ్చని గుర్తుంచుకోండి. డ్యాంపర్ తెరిచి, ఒక నిమిషం ఆగి, మూత ఒక్క వేలు సందు ఎత్తి కాసేపు ఉంచి, తర్వాత పూర్తిగా తీయండి. మొహం మూత మీద పెట్టకండి. నింపాక మూత గాడిలో ఒక్క బొగ్గు నలుసు కూడా లేకుండా తుడిచి మూయాలి.

మ్యాగజైన్ లేని స్టవ్వుల్లో తలుపులోంచి నేరుగా కుండలోకి బొగ్గు వేస్తారు. అక్కడ ఒక మూల ఎర్రటి నిప్పు కనబడేలా ఖాళీ వదలాలి. అంతా నల్ల బొగ్గుతో కప్పేస్తే పైకొచ్చే వాయువును అంటించే మంట ఉండదు. అది పేరుకుని, పేరుకుని, ఒక్కసారిగా అంటుకుంటుంది. ఆ దెబ్బకు తలుపులు తెరుచుకుంటాయి, అభ్రకాలు పగులుతాయి, గొట్టం అతుకులు ఊడతాయి. వదిలిన మూల నీలిమంట ఆడుతూ ఉంటే ఈ ముప్పు లేదు. నింపాక పది నిమిషాలు నిప్పు పైకి గాలి వదిలే రంధ్రం కాస్త తెరిచి, మంట నిలకడ పడ్డాకే డ్యాంపర్ మూయండి.

బూడిద రోజూ తీయాల్సిందే. ఆంత్రసైట్‌లో నూటికి పది పదిహేను వంతులు బూడిదే, బస్తాకు రెండు మూడు కిలోలు. తట్ట నిండి బూడిద జాలీని తాకిందంటే జాలీని చల్లబరిచే గాలి ఆగిపోతుంది, ఒక్క రాత్రిలో జాలీ కరిగి వంగుతుంది. పాత స్టవ్వుల జాలీలు పాడవడానికి కారణం ఎక్కువసార్లు ఇదే. తీసిన బూడిదను మూత ఉన్న ఇనప డబ్బాలో పోసి, ఇంటికీ చెక్క మెట్లకూ దూరంగా బయట పెట్టండి. మూడు రోజులైనా లోపల నిప్పుండవచ్చు. కట్టెల బూడిదలా కూరగాయల మడిలో వెయ్యకండి. మంచు గడ్డకట్టిన దారి మీద చల్లితే కాలు జారదు.

తేడా వస్తే

మధ్యలో నల్లగా, అంచుల్లో ఎర్రగా ఉంటే నడుమ బూడిద పేరుకుంది, కింద నుంచి ఊచతో పొడవండి. నిప్పు చురుగ్గా ఉన్నా గది వేడెక్కక, గొట్టం మాత్రం చేయి పెట్టలేనంతగా కాలుతుంటే వెనక డ్యాంపర్ సరిగ్గా మూసుకోవడం లేదు, లేదా వాయువు పీఠంలో తిరగకుండా పగులులోంచి అడ్డదారిన పోతోంది. గాలి రంధ్రం పూర్తిగా మూసినా మంట తగ్గకపోతే బూడిద తలుపు అంచు కారుతోంది. తలుపు సందులో కాగితం ముక్క పెట్టి మూసి లాగండి. సులువుగా వచ్చేస్తే అక్కడ పట్టీ మార్చాలి. అభ్రకం ఫ్రేముల దగ్గర గాలి కారితే ఫలితం తిరగబడుతుంది. చల్లగాలి మంట మీద పడి నిప్పు మందగిస్తుంది, బొగ్గు ఎక్కువ పోసినా వేడి రాదు.

గంధకం వాసన వస్తోందంటే వాయువు గదిలోకి వస్తోంది. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, గంధకం వాసన దాని వెంట వచ్చే హెచ్చరిక. అలారం మోగితే కారణం వెతుక్కుంటూ కూర్చోకండి. పిల్లాపాపలతో సహా ముందు బయటికి వచ్చి, ఫైర్ డిపార్ట్‌మెంటుకు ఫోన్ చేయండి. శరత్తు, వసంతాల్లో బయట పది డిగ్రీల సెల్సియస్‌కు పైన ఉన్న మందమైన రోజుల్లో లోపలికీ బయటికీ తేడా తక్కువై గూడు లాగదు. అలాంటప్పుడు నిప్పును బతికించి ఉంచాలని గాలి సన్నగా తిప్పి పడుకోవడం ప్రమాదం. ఆరనిచ్చి, చలి వచ్చాక మళ్లీ రాజేసుకోండి.

వేడి పక్క గదులకు పోవాలంటే వేడిగాలిని ఫ్యాన్‌తో తోసేవాళ్లే ఎక్కువ. అది సరిగ్గా పనిచేయదు. పక్క గది గుమ్మంలో నేల మీద చిన్న ఫ్యాన్ పెట్టి, చల్లగాలిని స్టవ్వు గదిలోకి తోయండి. చల్లగాలి బరువైనది, నేల వెంట తేలిగ్గా కదులుతుంది. దాని స్థానంలోకి గుమ్మం పైభాగం గుండా వేడిగాలి తనంతట తానే వెళుతుంది. తలుపు పైగడపకు ఒక దారం ముక్క కట్టి చూస్తే ఎటు ఊగుతోందో తెలుస్తుంది. చలికాలం గాలి పొడిబారుతుంది కాబట్టి స్టవ్వు నెత్తిన పళ్లెంలో నీళ్లు పెట్టడం మంచిదే, పోత మీద ఒలకకుండా చూసుకోవాలి.

వేసవిలో

చలి పోయాక ఆఖరి నిప్పు ఆరిన వారంలోనే శుభ్రం చేయాలి. పొడి బూడిదలోని గంధకం గాలిలోని తేమ పీల్చి ఆమ్లమవుతుంది. నాలుగు చలికాలాల్లో పాడవని గొట్టం ఒక్క వేసవిలో చిల్లులు పడుతుంది. గదిలోని గొట్టాన్ని మొత్తం విప్పి బయటికి తీసుకెళ్లి తట్టండి. పీఠంలోని దాగిన దారులకు చిన్న మూతలుంటాయి. వాటిని తీసి, బ్రష్షుతో గీకి, బూడిదకు పనికొచ్చే వ్యాక్యూమ్‌తో లాగేయండి. ఈ దారుల్లో సన్నటి బూడిద సగం నిండినా వచ్చే చలికాలం స్టవ్వు మందగిస్తుంది, కారణం ఎక్కడా కనబడదు. పొగగూడు అడుగున పేరుకున్నదీ తీయించండి.

తర్వాత వంటసోడా కలిపిన నీళ్లలో గుడ్డ తడిపి లోపలి గోడలు తుడవండి, ఆమ్లం విరుగుతుంది. పూర్తిగా ఆరాక లోపల పలచగా నూనె పట్టించండి. మొదటిసారి రాజేసినప్పుడు దాని నుంచి పొగ వస్తుంది, కిటికీలు తెరుచుకోవాలి. బయట నల్లటి భాగాలకు గ్రాఫైట్ పాలిష్ గుడ్డతో రుద్దండి. నికెల్‌కు ఇసుక పొడులు తగలనివ్వకండి, పూత పలచన. ఉత్త తడిగుడ్డ, ఆపై పొడిగుడ్డ చాలు.

గొట్టం విప్పిన చోట పొగగూడు నోటికి తేమ, పిట్టలు రాకుండా గుడ్డల మూట కుక్కి ఉంచండి. కుక్కిన సంగతి పెద్ద అక్షరాలతో చీటీ రాసి స్టవ్వు తలుపు పిడికే కట్టండి. అక్టోబరులో మొదటి చలిరాత్రి అగ్గిపుల్ల పట్టుకుని కూర్చునేది మీరే కాకపోవచ్చు.